ఉమ రాసిన టెస్టు

2023లో మా ఆఫీసు అమలాపురంలో ఒక మందుల షాపు పైన ఉండేది. రొయ్యల చెరువులకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. కరెంటు పోయి వచ్చాక, గట్టు మీది కంట్రోల్ పెట్టె మళ్లీ ఆన్ అయి మా సర్వర్‌తో కలుస్తుంది. సర్వర్ ఆర్డరిస్తే ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాలు, తిరుగుతాయి. ఆ ఆర్డరిచ్చే కోడ్ నాది.

దాన్ని పరీక్షించే టెస్టు రాసింది ఉమ. చేరి మూడు నెలలు, ఇంకా ప్రొబేషన్. ఆ టెస్టు పదిసార్లు పాసైతే ఒకసారి ఫెయిలయ్యేది. ఏమీ మార్చకుండానే ఇలా మాట మార్చేదాన్ని ఫ్లేకీ టెస్ట్ అంటాం. ఫెయిలైనప్పుడల్లా నేను టెస్టును మళ్లీ నడిపే రీ-రన్ మీట నొక్కి, పాసవగానే చేతులు దులుపుకునేవాణ్ణి. ఉమకు టెస్టులు రాయడం రాదని మేనేజరు తేల్చేశాడు. సోమవారం టెస్టునూ తీసేస్తాడట, ఆమెనూ పంపేస్తాడట. నేను నోరెత్తలేదు.

"చెరువు దగ్గర మోటార్లు ఎలా వేస్తారో ఒకసారి చూసొద్దామండీ," అంది ఉమ.

ఉప్పలగుప్తంలో ఒక చెరువు దగ్గరికి వెళ్లాం. అప్పుడు కరెంటు లేదు. రైతు సూరిబాబుగారు జనరేటరు పెట్టి, మొదటి ఏరియేటర్ చేత్తో వేసి, దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఎంతసేపు ఆగాలండీ?" అన్నాను వాచీ చూసుకుంటూ.

"ఎంతసేపని ఏం చెప్తామండీ! అది వేగం అందుకుని నురగ కొట్టాలి. అప్పుడు రెండోది వేస్తామండీ."

"టైము లెక్కేమీ లేదా?"

"ఆయ్, లేదండీ. వాచీ చూసి వేస్తే జనరేటరు పడుకుంటాదండీ."

ఉమ నావైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. నా కోడ్ సరిగ్గా ఐదు సెకన్లు ఆగి, పెట్టె సిద్ధమైందో లేదో చూడకుండానే ఆర్డరిచ్చేస్తుంది. పెట్టె ఆలస్యమైన రోజు ఆ ఆర్డరు ఎవరికీ అందదు. టెస్టు ఇన్నాళ్లూ నిజమే చెప్పింది.

తిరిగొచ్చాక ఉమ, టెస్టులో పెట్టె కావాలనే ఇరవై సెకన్లు ఆలస్యంగా లేచేలా చేసింది. ఈసారి టెస్టు ప్రతిసారీ ఫెయిలైంది. తప్పు చేతికి చిక్కిందని నాకు భలే సంతోషమేసింది. 'సిద్ధం' అని పెట్టె కబురు పంపేదాకా సర్వర్ ఆగేలా నా కోడ్ మార్చాను. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా ఒక్కసారీ ఫెయిలవలేదు.

తప్పు నాదేనని మేనేజరుకు చెప్పాను. ఉమ ఉద్యోగం నిలిచింది. క్షమించమ్మా అనబోతే ఆమే అందుకుంది.

"అన్నిసార్లు రీ-రన్ నొక్కేరు కదండీ. ఒక్కసారి నన్ను పిలిచి అడగాల్సిందండీ."

ఇప్పుడు ఏ టెస్టు తడబడినా, ఆ మీట ముట్టుకోకుండా ముందు రాసినవాళ్ల కుర్చీ దగ్గరికి వెళతాను.