బాపు పోయిన దినం నల్లా రాలే

మా బాపు నల్లా నీళ్లు ఇడిచేటోడు. మాదన్నపేట గల్లీలల్ల ఒక్కోదానికి ఒక్కో టైం. పొడుగు ఇనుపరాడ్ సైకిల్‌కు కట్టుకొని పోయి, రోడ్డు మీది మూత లేపి, వాల్వు తిప్పి వచ్చేటోడు. సర్కారు కొలువే గానీ సెలవు అనే మాట ఆయన నోట్లకెళ్లి నేనెన్నడు ఇనలే. జరమొచ్చినా పోయేటోడు. మా మేనత్త సచ్చిపోయిన దినం గూడ కాటికాడి నుంచి సీదా వాల్వు కాడికే పోయిండు. "మనకు దుఃఖమైతే వాళ్ల బిందెలు ఎండాల్నా బిడ్డా?" అన్నడు. నాకు గప్పుడే ఒళ్లు మండింది.

పోయిన ఎండాకాలం మెట్లెక్కుకుంట ఛాతీ పట్టుకొని కూసున్నడు. నేనొక ప్రైవేటు బడిల టీచర్‌ను. లీవు పెట్టి, బతిమాలి దవాఖానకు తీస్కపోయిన. గుండె నరాల పరీక్ష చెయ్యాలె, సోమారం వచ్చి చేరున్రి అన్నడు డాక్టరు. సోమారం పొద్దుగాల నేను బట్టలు సదిరి ఆటో పిలిచిన. ఆటో వచ్చింది, బాపు లేడు. పక్క గల్లీల నల్లా నీళ్లల్ల మోరి నీళ్లు కలుస్తున్నయని ఎవరో వచ్చి పిలుసుకపోయిన్రంట.

ఫోన్ చేసిన. "జర ఆగు బిడ్డా. చిన్న పోరగాండ్లు తాగుతరు గీ నీళ్లు. ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

"నీ పానం సంగతేంది బాపు? గా పని చెయ్యనీకి వేరేటోళ్లు లేరా?"

"ఉన్నరు. వాళ్లొచ్చేదాంక ఉంట."

వాళ్లొచ్చేసరికి సాయంత్రమైంది. మోకాళ్ల దాంక బురదతోని ఇంటికొచ్చి, "వచ్చే వారం పోదాం, లొల్లి చెయ్యకు" అని నవ్విండు.

గా వారం రానే రాలే. శనివారం పొద్దుగాల డ్యూటీకి పోనీకి అంగీ గుండీలు పెట్టుకుంటనే కుర్చీల ఒరిగిపోయిండు. దవాఖానకు చేరకముందే పానం పోయింది.

ఇంటికి తీస్కొచ్చినంక ఆఖరి తానం పొయ్యాలె. నల్లా తిప్పితే ఉత్త గాలి. వాల్వు తిప్పే మనిషే చాప మీద పండుకొని ఉన్నడు. ఆయన జాగల ఇంకొకరిని పంపాలని ఎవరికీ తోచలే. నేనే ఆఫీసుకు ఫోన్ చేసిన.

"మీ ఏరియా లైన్‌మన్‌ను అడగున్రి మేడం" అన్నడు అవతలాయన.

"గా లైన్‌మనే సచ్చిపోయిండు సార్."

"సారీ మేడం. చూస్తం" అని పెట్టేసిండు. పొద్దుగూకేదాంక ఎవరూ రాలే.

గల్లీ చివర గాజులమ్మే ఖాలా, వాళ్లింట్ల బోరు నీళ్లు కొడుకులతోని బిందెలకు బిందెలు మోపిచ్చింది. "తీస్కో బేటీ. మీ బాపు మాకెన్నడు నీళ్లు తక్కువ చెయ్యలే" అన్నది. గా నీళ్లతోనే కడిగినం.

నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. వచ్చినోళ్లందరు దేవుడసొంటోడు, దేవుడసొంటోడు అంటున్నరు. గా దేవుడసొంటోన్ని సోమారం పొద్దుగాల ఇంటి ముంగటికెళ్లి పిలుసుకపోయినోళ్లు గూడ గాడనే నిలబడి దస్తీతోని కండ్లు తుడుసుకుంటున్నరు. ఎవర్ని తిట్టాలె నేను? పిలిచినోళ్లనా, పిలవంగనే పోయినాయననా?

"ఊకె కూసోబెడితే ఆయన ఇంకా ముందుగాలనే పోతుండె" అంటది అమ్మ. నాకు గా మాట నచ్చదు. కూసుంటే ఇంకొన్నేండ్లు మా కండ్ల ముంగట ఉంటుండె. గంతే నాకు తెలిసింది. ఊరందరి మీద ఉన్న ఫికర్‌ల జరంత మా మీద ఉంచుకుంటే ఏం పోతుండె?

ఆయన ఫోన్ ఇంకా మోగుతనే ఉంటది. మొన్న నేను బడికి తయారయితుంటే ఎవరో చేసిండు. "భాయ్, నల్లా రాలే."

"ఆయన లేడన్నా."

"ఎప్పుడొస్తడమ్మా?"

"రాడు! ఆఫీసుకు చేసుకోన్రి!" అని అరిచి పెట్టేసిన.

అమ్మ పొయ్యి బంజేసి వచ్చింది. నా చేతులకెళ్లి ఫోన్ గుంజుకొని అదే నంబరుకు మళ్ల చేసింది. "అన్నా, మా ఇంటాయన కాలం చేసిండు. మీది ఏ గల్లీ? జర ఆగున్రి, కొత్తాయన నంబరు చెప్త" అన్నది.

ఆమె గొంతుల ఇసుగు లేదు. నాకే ఆడ నిలబడబుద్ధి గాలే. టిఫిన్ డబ్బా గూడ తీస్కోకుంటనే చెప్పులేసుకొని బడికి నడిచిన.