భుజం దగ్గర ఆగిపోయిన తోక

ఆవిడని ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ అందరూ బుడగలత్త అనే పిలుస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు సబ్బు బుడగలేమో అనుకుంటారు. కాదు. బొమ్మల కథల పుస్తకాల్లో మనుషుల తలల పక్కన తెల్లగా ఉబ్బి, లోపల మాటలు నింపుకుని ఉంటాయే, ఆ బుడగలు. పంతొమ్మిదేళ్ళ పాటు, మూడు నెలలకొకసారి వచ్చే ఒక బొమ్మల పత్రికలో ఆ బుడగలన్నీ ఆవిడే గీసింది, వాటిలో మాటలన్నీ ఆవిడే రాసింది.

కథ రాసినాయన పేరు మొదటి పేజీలో లావుగా వేసేవారు. బొమ్మలు గీసినాయన పేరు ఆ కిందే ఉండేది. మాటలు రాసినావిడ పేరు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. బొమ్మలో మనుషులు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడేసుకుంటారని అందరి నమ్మకం కాబోలు. తలచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది గానీ, ఆవిడ ఎన్నడూ నోరు విప్పి అడగలేదు.

ఆ పనికొక పద్ధతి ఉంది. ముందు పెన్సిలుతో సన్నగా గీతలు కొట్టుకోవాలి. తరవాత పాళీ సిరాలో ముంచి మాటలు రాయాలి. మాటలు పూర్తయ్యాక వాటి చుట్టూ బుడగ, అన్నిటికంటే చివర దాని తోక. మాట ఎవరిదో చెప్పేది ఆ తోకే. అది ఎవరి నోటివైపు తిరిగితే మాట వాళ్ళది. తోకని వీరుడి ముఖం మీదుగా మాత్రం గీయకూడదని ఆఫీసులో గట్టి నియమం. అడ్డొస్తే తోక వీరుడి వెనక్కి దూరి అవతలి పక్కన బయటికి రావాలి.

ఇప్పుడు ఆవిడకి అరవై నాలుగేళ్ళు. తమ్ముడి ఇంట్లో కిటికీ పక్క బల్ల ఆవిడది. పత్రిక మూతపడ్డాక దుకాణాల బోర్డులు రాసింది, బడిపిల్లల సర్టిఫికెట్ల మీద పేర్లు రాసింది. ఇప్పుడు ఇంట్లో పచారీ డబ్బాల మీద చీటీలు కూడా ఆవిడ చేతివే. ఉప్పు డబ్బా చూస్తే గౌరవంతో చెయ్యి కడుక్కుని తియ్యాలనిపిస్తుంది.

ఆ పత్రికలో అందరికీ పిచ్చి పట్టించిన వీరుడి పేరు కెరటం. నీళ్ళు అతని మాట వింటాయి. డెబ్భై మూడో సంచికలో ఒక వానాకాలం ఎవరో ఆనకట్ట గేటు ఎత్తేస్తారు, కింది పేటలో నలభై ఇళ్ళు మునిగిపోతాయి. చివరి పేజీలో కెరటం, ఆనకట్ట ఇంజనీరైన అతని అన్న, ఇద్దరూ గట్టు మీద నిలబడి ఉంటారు. పైన ఒకటే బుడగ. "ఆ గేటు ఎత్తింది నేనే." తోక సరిగ్గా కెరటం భుజం దగ్గర ఆగుతుంది. అక్కడితో సంచిక అయిపోయింది, పత్రిక కూడా అయిపోయింది. డెబ్భై నాలుగో సంచిక రానే లేదు.

ఇంకేముంది, చదివినవాళ్ళు రెండుగా చీలిపోయారు. వీరుడే ఎత్తాడని ఒక పక్షం, ఛస్తే ఎత్తడని ఇంకో పక్షం. ముప్పై ఏళ్ళుగా ఒకళ్ళ మీద ఒకళ్ళు ఒంటికాలి మీద లేస్తూనే ఉన్నారు. బొమ్మలాయన తొందరగానే పోయాడు. రచయిత ఎవరు అడిగినా "చదివినవాళ్ళ ఇష్టం" అని తప్పించుకుని, పదేళ్ళ క్రితం ఆయనా పోయాడు. బుడగలు గీసినావిడ ఇంకా ఉందని, ఆవిడని అడగొచ్చని ఒక్కరికీ తట్టలేదు.

అడిగి ఉంటే ఆవిడ నీళ్ళు నమిలేది. ఎందుకంటే ఆ మాట కెరటం అన్నగారిది. కెరటానిది కాదు. తోక కెరటం భుజం వెనక్కి దూరి, అవతల అన్న నోటి దగ్గర తేలాలి. ఆవిడ భుజం దాకా గీసింది. అక్కడ బొమ్మలాయన కుంచెతో పూసిన నల్లసిరా ఇంకా తడిగా ఉంది, పాళీ తగిలితే అలుక్కుపోతుంది. సరే, ఆరనిద్దామని టీకి వెళ్ళింది. వచ్చేసరికి పేజీ బల్ల మీద లేదు, కింది అంతస్తులో అచ్చు ప్లేట్లు తయారుచేసే గదికి పోయింది. పద్దెనిమిది మెట్లు దిగితే పట్టుకోవచ్చు. కానీ ఆ పొద్దున్నే పత్రిక మూసేస్తున్నామని చెప్పారు. పంతొమ్మిదేళ్ళ చాకిరీకి ఒక్క మంచి మాట కూడా అనలేదు. ఇంకా ఎవరి కోసం పరుగెత్తాలి అనుకుని కుర్చీలోంచి లేవలేదు. తప్పు తోకది కాదు, తన అలకదని ఆవిడకి బాగా తెలుసు.

పోనీ తరవాతైనా చెప్పొచ్చు కదా అంటే, మధ్యలో మేనకోడలు వచ్చింది. తమ్ముడి కూతురు అత్త రాసిన పుస్తకాలతోనే చదవడం నేర్చుకుంది. తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు మేడ మీద నీళ్ళ కుళాయి తిప్పి మరిచిపోయింది. నీళ్ళు మెట్ల మీదుగా దిగి, కింద వాటాలో దర్జీ గుడ్డల తానులన్నీ తడిసి ముద్దయ్యాయి. ఇంటివాళ్ళంతా కుళాయి పాడైందని తేల్చేశారు. అప్పుడు ఆ పిల్ల తనంతట తనే దర్జీ ముందుకెళ్ళి "తిప్పింది నేనే" అంది. ఆ సాయంత్రం అత్త ఒళ్ళో కూర్చుని అడిగింది.

"కెరటం కూడా అలాగే చెప్పాడుగా అత్తా?"

"అక్కడ ఏముందో అదేనమ్మా" అంది అత్త. ఆ చిన్న మొహం చూసి ఇంకో మాట చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

ఇప్పుడు మేనకోడలికి ఇరవై తొమ్మిది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. సాయంత్రమైతే ఎత్తాడు పక్షానికి ఆ పిల్లే పెద్ద దిక్కు. ఈ ఏడాది కెరటం టీవీ సీరియల్‌గా వచ్చి అగ్గి మళ్ళీ రాజేసింది. సీరియల్‌లో కెరటం నవ్వుతూ గేటు ఎత్తుతాడు. ఎత్తలేదు పక్షం గుండెలు బాదుకుంది. ఎత్తాడు పక్షానికీ కోపమే వచ్చింది, ఎత్తితే ఎత్తాడు గానీ ఆ నవ్వేమిటి, ఒప్పుకోవడం ఏదీ, అని.

తాడో పేడో తేల్చుకుందామని ఒక ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీలో చదువుకునే హాలు అడిగారు. గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు ఉంది. ముప్పై ఏళ్ళ కింద అదీ అత్త రాసిందే. దాని కిందే నలభై మంది చేరి గోల మొదలుపెట్టారు. డెబ్భై మూడో సంచిక చివరి బొమ్మని తలుపంత పెద్దగా తీసి గోడకి అంటించారు. మేనకోడలు పోరు పెట్టి తీసుకురావడంతో అత్త కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. అంత పెద్ద బొమ్మలో ఆ మొండితోక మూరెడు పొడుగుంది. ఆవిడ చూపు దాని మీదినుంచి కదల్లేదు.

ఎత్తలేదు పక్షం తరఫున లేచింది ఒక రిటైరైన బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ళుగా ఆయన వాదన ఒకటే. ఆయన రెక్సిన్ సంచీలోంచి ప్లాస్టిక్ అట్ట వేసిన సంచిక తీసి, బొమ్మ మీద వేలు పెట్టాడు.

"కెరటం నోరు మూసుకుని ఉందండీ, చూడండి. నోరు మూసుకున్నోడు ఎలా మాట్లాడతాడు? అన్న నోరు తెరిచి ఉంది."

"కండక్టరు గారూ, కెరటం సగం బొమ్మల్లో పళ్ళు బిగబట్టే మాట్లాడతాడు" అంది మేనకోడలు. "తోక ఎవరి మీదుందో చూడండి. మీది టికెట్ లేని వాదన. మీరే దిగిపోవాలి."

హాలంతా గొల్లుమంది. కండక్టరు కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "నాకు తెలుసండీ. నిరూపించలేను, అంతే" అని సంచిక మెల్లగా సంచీలో పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళు అలా ఎన్ని చోట్ల పెట్టుకున్నాడో. అత్త ఆ సంచీకేసి చూసింది. సరైన మాట పట్టుకున్న మనిషిని తన వల్ల ఊరంతా వెక్కిరిస్తోంది. వెక్కిరించింది తను ఎత్తుకుని పెంచిన పిల్ల.

లేచి చెబితే ఆ పిల్ల వీరుడు ఏమవుతాడు? తప్పు ఒప్పుకున్నాడనే కదా ఇరవై ఏళ్ళుగా వాణ్ణి నెత్తిన పెట్టుకుంది. ఆ వీరుణ్ణి చూసే కదా దర్జీ ముందు నిలబడింది. అత్త అలా అనుకుంటూనే బెంచీ పట్టుకుని లేచింది. నలభై మంది మధ్యలోంచి నడిచి గోడ దగ్గరికి వెళ్ళి, లైబ్రేరియన్ బల్ల మీది మార్కరు తీసుకుంది.

"అత్తా, ఏం చేస్తున్నావు?" అంది మేనకోడలు.

ఆవిడ మార్కరు మూత తీసి, కెరటం భుజానికి అవతలి పక్కన ఆనించింది. వంపు తిరిగిన గీత ఒకటి, దాని పక్కనే ఇంకోటి. రెండూ వెళ్ళి అన్న తెరిచిన నోటి దగ్గర సూదిమొనలా కలిశాయి. తోక పూర్తయింది.

"ఇది ఇలా ఉండాలి" అంది అత్త, హాలువైపు తిరిగి. "సగంలో ఆపేసింది నేనే. సిరా ఆరలేదని ఆపాను. పేజీ కిందికి పోతే పరుగెత్తి పట్టుకోవచ్చు, పట్టుకోలేదు. వాళ్ళ మీద కోపం వచ్చి కూర్చున్నాను. కండక్టరు గారూ, మీరు మొదటి నుంచీ సరిగ్గానే చూశారు. మిమ్మల్ని ఇన్నాళ్ళు మాటలు పడేలా చేశాను. క్షమించండి."

గోడ మీది బోర్డు మాట మొదటిసారి చెల్లింది. కండక్టరు ముందుకొచ్చి తోకని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలితో తడిమి చూసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడు ఆదివారాలు నేనేం చేసుకోవాలమ్మా?" అన్నాడు.

ఈసారి నవ్వులో ఆయన కూడా కలిశాడు. కలవనిది మేనకోడలు ఒక్కతే. బొమ్మకేసి చూస్తూ నిలబడిపోయింది.

"అయితే ఆయన ఒప్పుకోలేదన్నమాట" అంది చివరికి.

"లేదమ్మా. ఒప్పుకోవడానికి ఆయన చేసిందేమీ లేదు."

"మరి నేను చూసి నేర్చుకున్నది ఎవరిని?"

"ఎవర్నీ కాదు. ఆ రోజు దర్జీ దగ్గరికి నువ్వే వెళ్ళావు. నిన్ను చూసి నేర్చుకోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది."

మేనకోడలు ముక్కు ఎగబీల్చింది. కండక్టరు దగ్గరికి వెళ్ళి "టికెట్ నాకే లేదండీ, తప్పయింది" అంది. తరవాత అత్త చేతిలో మార్కరు లాక్కుని, బొమ్మ కింద ఖాళీలో గబగబా రాసింది. 'అక్షరాలు, బుడగలు, తోకలు: మా అత్త.'

పంతొమ్మిదేళ్ళు పనిచేస్తే వేయని పేరు ఒక తప్పు చేస్తే వేశారు. అత్త కళ్ళజోడు సరిచేసుకుని ఆ వరసకేసి చాలాసేపు చూసింది. కళ్ళు నీళ్ళతో నిండాయి గానీ, వృత్తి వృత్తే కదా.

"కింద గీత కొట్టుకోకుండా రాశావేమే, పైకి పోతోంది చూడు" అంది.