సీతమ్మకు దుబాయి చీర

మా ఊరి పట్టాభిషేకంల సీతమ్మ ఒడి జారిందని, హనుమంతుడు బొక్కబోర్ల పడ్డడని, ఇగ ఆ ఊరికి మంచిగాదని మీ దాక ముచ్చట వచ్చే ఉంటది. సుల్తానాబాద్ బస్టాండు దాటేలోపల దానికి కాళ్లతో పాటు కొమ్ములు సుత మొలిచినయట. చెప్పినోళ్లు సగమే చెప్పిండ్రు. ఆ సీతమ్మను నేనే. చాయ చల్లారితె చల్లారనియ్యిండ్రి, మొత్తం ఇనుండ్రి. ఇన్నంక తప్పు నాదే అంటె ఒప్పుకుంట. గనీ మీరు అనరు.

పొద్దంత మిషిను మీద ఆడోళ్ల జాకిట్లు కుట్టే రాజేశం ఏంది, సీతమ్మ ఏందంటరా? మా ఊర్లె కోతలు అయిపోయినంక ఏటేటా ఒక వారం చిరుతల రామాయణం ఆడుతం. చేతులల్ల చిరుతలు, కాళ్లకు గజ్జెలు, గుండ్రంగ తిరుక్కుంట రామకథ పాడుడు. ఆడోళ్ల వేషాలు సుత మొగోళ్లే కడ్తరు. నాకు మీసం మొలిచిన కాడి నుంచి ఆ వారం వస్తె మీసం తీసేసుడు, సీతమ్మ వేషం కట్టుడు. మా ఇంటామె సత్తమ్మ ఆ వారమంత నన్ను 'అక్కా' అని పిలుస్తది. పిలవనియ్యి. స్వామి కార్యం.

నేను భక్తి గలోన్ని. తానం చేసి రామనామం అనకుంట కత్తెర ముట్ట. గనీ సోకన్నా నాకు పాణమే. ఈ రెండు ఒక్క మనిషిల ఎట్లుంటయి అని కొందరు అడుగుతరు. ఎందుకుండయి? గుళ్లె దేవునికి పొద్దుకొక పూలదండ, పండుగకొక పట్టుబట్ట కడుతుండ్రు గదా. ఆయనకు లేని తప్పు నాకెట్ల వచ్చె?

బొంబాయిల సన్నటి పోరగాండ్లు కొత్త బట్టలేసుకోని జనం నడుమ నడుస్తరట, దాన్ని ఫ్యాషన్ షో అంటరట. వారపత్రికల ఫోటోలు చూసిన. మా ఊరికి ఫ్యాషన్ షో అంటె ఆ వారమే. రాముడు ఏం పాడుతుండో ఎవలికి వట్టింది? ఆడోళ్లు పొద్దుమీకక ముందే వచ్చి ముంగటి వరుసల చాపలు పరిచేది, సీతమ్మ ఇయ్యాల ఏం చీర కట్టిందో చూసెతందుకే. ఆ చీర నాది గాదు. రోజుకొక ఇంటోళ్లు ఇస్తరు. ఏ ఇంటి చీర కడితె ఆ ఇంట్ల మేళానికంత పలారం. మా ఊరి రివాజు అది.

ఈసారి సీతమ్మ లగ్గం నాడు పట్వారోళ్ల పట్టుచీర కట్టిన. వాళ్లింట్ల గారెలు, పరమాన్నం. వనవాసం నాడు కిరాణం సేటు పెండ్లాం పూలపూల చీర. సకినాలు, గట్టిగ చేసిన బూందీ లడ్డూలు. అశోకవనం నాడు టీచరమ్మ వాయిల్ చీర. ఆమె ఇంట్ల బూరెలు, దాని మీద నెయ్యి. సీతమ్మ శోకంల ఉండాలె గదా. అన్ని బూరెలు తిన్న కడుపుతోటి శోకం యాడికెల్లి వస్తది? 'హా రామా' అని నోరు తెరిస్తె తేపు వచ్చింది. అయినా జనం కండ్లు తుడుసుకున్నరు. మ్యాచింగ్ జాకిట్ గంత మంచిగ కుదిరింది మరి.

ఈ సోకు మా గురువుకు వట్టదు. పేరు ఓదెలు. చిరుతలు పట్టుడు, అడుగు ఏసుడు నాకు నేర్పింది ఆయనే. ముసలాయన. సీతమ్మంటె మన సాలోళ్లు నేసిన నేతచీరనే కట్టాలె అంటడు. ఏడాదికోసారి అంటడు, నేను ఏడాదికోసారి ఇననట్టు చేస్త. గట్ల నడుస్తుండె.

పట్టాభిషేకం ఇగ రేపనంగ మా సుగుణ వదినె వచ్చింది. మా పెద్దబాపు కొడుకు పెండ్లాం. అన్న దుబాయిల ఉంటడు. కొంగు కింద ఏందో దాసుకోని తెచ్చింది. కాయితం ఇప్పితె చీర. నెమలిమెడ రంగు, ఒళ్లంత ఎండి చుక్కలు. మొత్తం చీర పిడికిట్ల పట్టింది. వదిలితె ముడత లేదు. నేను బట్టల నడుమ బతికెటోన్ని. నేను సుత గసోంటిది ఎన్నడు ముట్టలే. ఎన్నడు కట్టంగ చూడలేదే వదినే అన్న.

"కడితె మా అత్త ఊకుంటదా రాజేశం? మొగడు దేశంల లేనప్పుడు సోకు ఎవలికోసమని అడుగుతది. పెట్టెల డాంబరు గోళీల వాసన పట్టి పాడైతుంది. నువ్వన్న కట్టు, పలారం మాత్రం పెట్టలేను. ఊరు సీతమ్మను చూస్తది, నేను నా చీరను చూసుకుంట."

నేను మాటిచ్చిన. ఇయ్యకుంట ఎట్లుంటరు, మీరే చెప్పుండ్రి. మా సత్తమ్మ ఆ చీర చేతిలకు తీసుకోని, ఆ దిక్కు ఈ దిక్కు తిప్పి చూసి, ఏమనకుంట మలిచి పెట్టింది. ఆమె ఏమనకుంట ఉన్నదంటె నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలే.

చీర సంగతి గురువుకు ఎవలు చెప్పిండ్రో ఏమో, మేళమంత రేపటి ఆట సద్దు చేసుకునే కాడికి నన్ను పిలిచి అందరి ముంగట నిలదీసిండు. మెరుపుల చీర సీతమ్మకా అన్నడు. నేను చిరుతలు కింద పెట్టిన.

"గురువా, అడవిల అనసూయమ్మ సీతమ్మకు చీర పెట్టింది. మాయదు, నలగదు, రంగు పోదు. మీరు నేర్పిన పాటల్నే ఉన్నది గదా. మాయకుంట నలగకుంట ఉండే చీర ఇప్పుడు ఏడ దొరుకుతది? దుబాయిలనే."

మేళమంత నవ్వింది. గురువు నవ్వలే. "అనసూయమ్మ చీర తపస్సుతోటి వచ్చింది. నీది ఇమానంల వచ్చింది" అన్నడు.

"మా అన్న నడి ఎండల, ఇసుకల పనిచేసి పంపిండు. అది తపస్సు గాదా?"

ముసలాయన తాళాలు సంచిల పెట్టుకున్నడు. తర్వాత మెల్లగ చెప్పిండు. రేపు నేతచీర కట్టకుంటె వచ్చే ఏడు సీత వేషం కొమురయ్యది. కొమురయ్య అంటె ఎవలనుకున్నరు, మా శూర్పణఖ. శూర్పణఖ కడితె సుత మీసం తియ్యడు. రాక్షసికి మీసముంటె ఏందంటడు. గాయన సీతమ్మ. నా పాణం చివుక్కుమన్నది. గనీ మాట ఇచ్చింది వదినెకు. రామాయణమంత మాట మీదనే గదా నడిచేది. రాముడు పద్నాలుగేండ్లు పోయిండు, నేను ఒక్క వేషం పోగొట్టుకోలేనా?

పట్టాభిషేకం నాడు దుబాయి చీరనే కట్టిన.

కట్టుడంటె మామూలు గాదు. ఆ బట్ట చేపపిల్ల తీరు. పట్టుకున్న కాడ ఉండది. దుకాణంల ఉన్న పిన్నీసులన్ని తెచ్చిన. భుజం మీద పిన్నీసులు, కుచ్చిళ్లకు పిన్నీసులు, నడుముకు పిన్నీసులు. నేను టైలర్ను, నాకు ఎవలు చెప్పాలె? బయటికి వచ్చి మొదటి అడుగు ఏసేసరికి పెట్రమాక్స్ లైట్ల కింద ఎండి చుక్కలన్ని ఒక్కసారి లేచినయి. జనంల ఒక సప్పుడు వచ్చింది, పాలు పొంగినప్పుడు వచ్చే సప్పుడు. ఆఖరి వరుసల సుగుణ వదినె, అత్త పక్కన తల దించుకోని కూసున్నది. మా పెద్దవ్వ, అంటె ఆ అత్త, ఇంకా గుర్తువట్టలే. గురువు తాళం ఏసుకుంట మొఖం పక్కకు తిప్పుకున్నడు. నేను ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిరిగిన. ఎందుకు తిరగొద్దు?

ఆట బాజాప్తా అయిపోయింది. చీర ఈసమంత కదలలే. రెండు బల్లలు కలిపిన సింహాసనం మీద రాముని పక్కన కూసున్న. మా రాముడు సదయ్య, రైసుమిల్లుల బస్తాలు మోస్తడు. బల్ల ఆయన దిక్కు ఒంగుతది, సీతమ్మ ఎప్పుడు చూసినా ఆయన మీదికి జారుకుంటనే ఉండాలె.

అప్పుడు ఆడోళ్లు లేచిండ్రు. సీతమ్మకు మా ఊరే అవ్వగారిల్లు, పుట్టిల్లన్నట్టు, అందుకని పట్టాభిషేకం నాడు ఒడిబియ్యం పోస్తరు. పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు. నేను కొంగు పరిచి పట్టిన. ఒక్కొక్కరు వచ్చి పోసి, బొట్టు పెట్టి, మొక్కి పోతుండ్రు. ఒడి నిండింది. నిండినంక కొంగు ముడేసుకోవాలె గదా. ఏసిన. ఇగ అక్కడ తెలిసింది నా తెలివి. నేతచీర ముడి ఏస్తె ఎద్దులు గుంజినా రాదు. నైలాన్ ముడి ఏస్తె అది ముడి అన్న సంగతే దానికి ఎరుక లేదు. పిన్నీసులన్ని వేరే కాడ ఖర్చు పెట్టిన. ఒడికి ఒక్కటి లేదు.

హారతికి లేవాలె. లేచిన. ముడి మెల్లగ, సిగ్గుపడుకుంట ఇప్పుకున్నది. బియ్యం సర్రున జారినయి. కుడుకలు దొర్లినయి. ఒక కుడుక సక్కగ పోయి గురువు కాలి కాడ ఆగింది, చాడీలు చెప్పవోయినట్టు. సరిగ్గ అదే టైముకు హనుమంతుడు రాముని పాదాలకు మొక్కెతందుకు ఎగిరి దుంకిండు. బియ్యం మీద కాలు పడ్డది. బొక్కబోర్ల జారుకుంట వచ్చిండు. తోక ఒక దిక్కు, గద ఒక దిక్కు, తల మాత్రం సదయ్య పాదాల మీద. అంత భక్తితోటి పాదాల మీద పడ్డ హనుమంతున్ని మా ఊరు ఎన్నడు చూడలే.

ఎవలు నవ్వలే. ఒడిబియ్యం కింద పడుడంటె మాటలు గాదు, మీకు ఎరుకే. ముసలవ్వలు 'అయ్యో' అని గడ్డం పట్టుకున్నరు. గురువు లేచి నిలబడ్డడు. గప్పుడే మా పెద్దవ్వ చీరను గుర్తువట్టింది.

"గిది మా కోడలి చీర."

గంతమంది మొఖాలు ఒక్కసారి సుగుణ వదినె దిక్కు తిరిగినయి. ఆమె మొఖంల నెత్తురు చుక్క లేదు. నన్ను అంటె పడ్త. ఆమెను అనుడు ఏంది? ఆమె చేసిన తప్పేంది, చీర ఉండుడా? అడుగు ముంగటికి ఏద్దామంటె నడుము కాడ పిన్నీసు ఒకటి టప్పుమన్నది, కుచ్చిళ్లు చేతిలకు వచ్చినయి. భారతంల అయితె చీరలిచ్చెటోడు ఉన్నడు. రామాయణంల నిండు సభల ఎవలిస్తరు? ఎడమ చేత కుచ్చిళ్లు గట్టిగ పట్టుకోని, కుడి చేత అభయం పట్టి, సీతమ్మ గొంతుతోటి రాగం తీసిన.

"అవ్వలారా, ఫికర్ చెయ్యకుండ్రి. మీరు పోసిన బియ్యానికి నా ఒడి సాల్లే. నిండింది, నిండి పొంగింది. పొంగింది ఊరిదే. ఇంటికో పిడికెడు తీసుకపోయి వడ్ల గుమ్మిల ఏసుకోండ్రి."

సదయ్య నోరు కదపకుంట, 'నా కిరీటం సుత పంచుతవా ఏంది' అన్నడు. నేను ఇననట్టే ఉన్న. ముంగటి వరుసల ఒక ముసలవ్వ లేచి, వంగి, నాలుగు గింజలు ఏరి కండ్లకద్దుకున్నది. ఇగ ఆగిండ్రా? ఒకరి మీద ఒకరు పడి ఏరుకున్నరు. హనుమంతుని మొలతాడుల చిక్కిన గింజలు సుత వదల్లే. మా పెద్దవ్వ అందరి కంటె ఎక్కువ ఏరుకున్నది. నేను మాత్రం అభయం దించలే, కుచ్చిళ్లు వదల్లే, అందరు పోయేదాక గట్లనే నిలబడ్డ. పటంల సీతమ్మ సుత గంతసేపు నిలబడి ఉండది.

తెల్లారి చీర మలిచి, పాపం మూట తీరు సంకల పెట్టుకోని పెద్దబాపోళ్ల ఇంటికి పోయిన. తిట్లు పడుదామనే పోయిన. పెద్దవ్వ అరుగు మీద ఉన్నది. చీర రెండు చేతులతోటి అందుకోని కండ్లకద్దుకున్నది. లోపలికి కేకేసింది.

"సుగుణా, సీతమ్మ తల్లి కట్టిన చీర, ఒడిబియ్యం పట్టిన చీర ఇది. పెట్టెల దాస్తె పాపం తాకుతది. ఇయ్యాల శుక్రారం, కట్టుకో పో."

వదినె నన్ను చూడలే. చూస్తె నవ్వు వస్తదని. పొద్దుమీకె యాళ్లకు ఆ నెమలిమెడ రంగు చీర, ఎండి చుక్కలు, మా వాడకట్టు నల్లా కాడ బిందె పట్టుకోని వరుసల నిలబడ్డది. ఆడోళ్లంత నీళ్లు పట్టుడు మర్చిపోయి చూసిండ్రట.

మల్ల ఇప్పుడు చెప్పుండ్రి, మా ఊరికి ఏం మంచిగాలేదో.

ఇగ నా సంగతి. గురువు మాట మీద ఉన్నడు. వచ్చే ఏడు సీతమ్మ కొమురయ్య, శూర్పణఖ నేను. కొమురయ్య అప్పటి నుంచి మీసం పట్టుకోని దిగులు పడుతుండు. నాకు దిగులు లేదు. తల వంచి దండం పెట్టి ఒక్క మాట అడిగిన.

"గురువా, సీతమ్మకు నేతచీర. సరే. మరి అడవిల రాముని ముంగటికి సోకు చేసుకోని వచ్చే శూర్పణఖకు?"

ముసలాయన చుట్ట ఆరిపోయేదాక ఆలోచించిండు. "దాని ఇష్టం" అన్నడు.

గదీ. అన్న పండుగకు వస్తుండు, వదినె శూర్పణఖకని ఎర్రచీర తెమ్మని చెప్పింది, చమ్కీలది. ఈసారి కొంగుకు వేరే పిన్నీసులు దాసి పెడ్త. గింత సంబురంగ ఇంటికి పోయి సత్తమ్మకు చెప్తి. ఆమె పప్పుల పోపు ఏసుకుంట, తల ఎత్తకుంట అన్నది:

"ఇంట్ల పెండ్లాముండంగ కొత్త చీరలన్ని నువ్వే కడుతున్నవు. వచ్చే ఏడు లక్ష్మణుడు ఎందుకు గనీ, నీ ముక్కు నేనే కోస్త."

అందుకే ఇయ్యాల దుకాణం బంద్ పెట్టి మీ కాడికి వచ్చిన. చాయ తాగి లేవుండ్రి. సత్తమ్మకు చీర కొనెతందుకు ఆడోళ్ల చీరల దుకాణానికి పోవాలె, ఆమెకు నచ్చేది ఏరెతందుకు నా ఒక్కనికి ధైర్యం సాలుతలేదు.