తాంబూలం పళ్లెంలో ఫొటో ఆకు

2021 వేసవి. సూరత్‌లోని పాండేసరలో నాది చిన్న ఫొటో స్టూడియో. కరోనా రెండోసారి విరుచుకుపడటంతో పెళ్లి ఆల్బమ్‌ల పని పడకేసింది. గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక ఆకుల మీద ఫొటోలు వేయడం నేర్చుకున్నాను.

దీన్ని క్లోరోఫిల్ ప్రింట్ అంటారు. పారదర్శకంగా ఉండే షీటు మీద ఫొటో అచ్చువేసి, పచ్చి ఆకు మీద పరిచి, పైన గాజు బిగించి ఎండలో పెడతాం. ఎండ తగిలినచోట ఆకు పాలిపోతుంది, నల్లటి భాగాల కింద పచ్చగానే ఉంటుంది. అలా మొహం తేలుతుంది. ఆ పచ్చదనం నిలవాలంటే ఆకును మైలుతుత్తం నీళ్లలో ముంచాలి. పొలాల్లో తెగుళ్లకు కొట్టే నీలం మందే అది, కడుపులోకి పోతే విషం.

మా సొంత జిల్లావాడే రాజయ్య, ఇక్కడ పవర్‌లూమ్ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద మేస్త్రీ. బిడ్డ పెళ్లి పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"తమలపాకు మీద పిల్లా పిలగాని ఫొటో వెయ్యి తమ్మీ. వచ్చేటోళ్లే నలుగురు, జర గమ్మతుండాలె."

ఆకు తయారుచేసి ఇచ్చేటప్పుడు చెప్పాను. "రాజన్నా, మందుల ముంచిన ఆకిది. గాజు ఫ్రేముల పెట్టిస్త, ఆగు."

"నాకెర్క లేదా? ఫ్రేము నేను కట్టిచ్చుకుంట తియ్యి" అని పట్టుకుపోయాడు.

పెళ్లికి ఫొటోలు తీసిందీ నేనే. తలంబ్రాలయ్యాక కెమెరా తిప్పితే, నా ఆకు తాంబూలం పళ్లెంలో అన్నిటికన్నా పైన కనిపించింది. అందరూ చూసి మెచ్చుకుంటారని, ఫ్రేము కట్టించకుండానే రాజయ్యే పెట్టాడట. పెళ్లికూతురి నాయనమ్మ మల్లవ్వకు కళ్లలో పొర. మాస్కు గడ్డం కిందికి దించుకుని, ఆ ఆకే అందుకుని, తొడిమ గిల్లి సున్నం రాస్తోంది.

"అవ్వా, నోట్ల పెట్టకు!" అని అరుస్తూ వెళ్లి ఆకు గుంజుకున్నాను.

రాజయ్యకు కోపం నషాళానికి అంటింది. "శుభమా అని పెండ్లయితాంటే ముసలామె చేతులది గుంజుకునుడేంది?"

"మైలుతుత్తం అన్నా అది! చెప్పిన గదా!"

రాజయ్య గబుక్కున పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. మల్లవ్వ మాత్రం నా వైపే తిరిగింది.

"పళ్లెంల పెట్టినంక ఆకు నోట్లెకే పోతది బిడ్డా. ఇది తినేది కాదని నాకెవలు చెప్పిండ్రు?"

తీసుకెళ్లే మనిషికి చెప్పాం కదా అనుకుంటాం గానీ, నమిలే మనిషి వేరే ఉంటుంది. అప్పటి నుంచి ఎవరెంత బతిమాలినా తమలపాకు మీద ఫొటో వేయను. మందారాకు మీదే వేస్తాను. దాన్ని తలకు రుద్దుకుంటారేమో గానీ, సున్నం రాసుకుని నమలరు.