సముద్రంలో ఆగిపోయిన వంతెన

గల్ఫ్‌లో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, బిస్కెట్లు లేని ఆ బిస్కెట్ డబ్బా. నిన్న షార్జాలో పాతసామాన్ల కొట్లో అచ్చం మా డబ్బాలాంటిదే కనిపించింది. మాది 2005లో, అమ్మ వంట చేసే ఇంటి ఇంగ్లీషు మేడమ్ ఇచ్చింది. మూత మీద ఆవిడ ఊరు బ్లాక్‌పూల్: ఎత్తైన టవరు, సముద్రంలోకి కొంతదూరం వెళ్లి ఆగిపోయిన వంతెన. లోపల మా ఎండుమిరపకాయలు.

ముసఫ్ఫాలో సెంట్రింగ్ మేస్త్రీగా చేసే నాన్న ఆ బొమ్మ చూసి, "కాంట్రాక్టరు పారిపోయుంటాడు. పని ఖలాస్," అన్నాడు.

"కాదంట. వందేళ్ల కిందటే షికారు కోసం కట్టారంట. చివరిదాకా నడిచి ఎనక్కొచ్చేయడమే," అంది అమ్మ.

"అవతల ఒడ్డే లేకపోతే నడవడం దేనికే?"

ఆ శుక్రవారం నాన్నే మమ్మల్ని సముద్రం ఒడ్డున కార్నిష్‌కి తీసుకెళ్లాడు. అలలకు అడ్డంగా వేసిన రాళ్లకట్ట చివరిదాకా నడిచాం. కాసేపు నిలబడి తిరిగొచ్చాం.

నాన్న ఏ పనీ లేకుండా నడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.