బాణలికి ఎర్ర కార్డు

మా బావ లిఫ్టు మెకానిక్. "కరెంటు ఆపేశాం, మీరు దిగండి" అని ఎవరు చెప్పినా నమ్మడు. తానే వెళ్లి మెయిన్ స్విచ్ దించుతాడు, దానికి తాళం వేస్తాడు, పైన ఎర్ర కార్డు తగిలిస్తాడు. ఆ కార్డు మీద ఒక చెయ్యి బొమ్మ, దానికి అడ్డంగా గీత. ఎవరూ ముట్టుకోవద్దని అర్థం. తగిలించినవాడే దాన్ని తియ్యాలి, మేనేజరు వచ్చి గోల పెట్టినా సరే. ఇంత అనుమానం మనిషితో అక్క ఎలా వేగుతోందో అని నేను ఆటపట్టిస్తుంటాను గానీ, నాకు ఆయనంటే ప్రాణం.

అలాంటి మనిషికి నడివయసులో గోధుమ పడకుండా పోయింది. గోధుమల్లో, బార్లీలో ఉండే గ్లూటెన్ రవ్వంత కడుపులోకి వెళ్లినా చాలు, మంచం ఎక్కేస్తాడు. దీనికి మందు లేదు, జన్మంతా జాగ్రత్తగా ఉండటమే అని డాక్టరు తేల్చేశాడు. ఆ సాయంత్రమే అక్క గోధుమపిండి డబ్బాని ఇంట్లోంచి గెంటేసింది. ఇంట్లో బాగానే ఉంది, చిక్కంతా గడప దాటితేనే. హోటలుకెళ్తే బావ మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టుకుని "మీరు కానివ్వండి, నాకు ఆకలి లేదు" అంటాడు. ఆకలి లేని మనిషి పక్కవాళ్ల కంచాల వంక అలా చూడడు. ఆయన్ని అలా కూర్చోబెట్టి తింటుంటే అక్కకి ముద్ద దిగేది కాదు. చివరికి తనూ బయట తినడం మానేసింది.

పెళ్లయి పాతికేళ్లు నిండిన సందర్భంగా విదేశం చూసొద్దామని బావే అన్నాడు. అక్క ఒక్కటే అడిగింది.

"కోటలూ వద్దు, మ్యూజియాలూ వద్దు. ఒక్క పూట హోటల్లో పక్కపక్కన కూర్చుని ఇద్దరం ఒకే తిండి తిందామండీ. అది చాలు."

ఫోనులో మాటలు తర్జుమా చేసి చూపించడానికి నన్ను వెంటేసుకెళ్లారు. నాకింకా పెళ్లి కాలేదు కాబట్టి ఇలాంటి ఉద్యోగాలన్నీ నాకే తగులుతాయి.

అక్కడ దిగాక మాకు చుక్కలు కనిపించాయి. మొదటి హోటల్లో వెయిటరు నవ్వుతూ బ్రెడ్డు తెచ్చాడు. ఇది తెల్లగా ఉంది, గోధుమది నల్లగా ఉంటుంది అని మాకే పాఠం చెప్పాడు. రెండోచోట సూప్ దాకా వచ్చాం. చెంచా ముంచబోతూ ఇది ఇంత చిక్కగా ఎలా వచ్చిందని బావ అడిగించాడు. మైదా కలిపారట. మళ్లీ గదికొచ్చి, పెట్టెలో మోసుకొచ్చిన కుక్కరు పెట్టుకుని, ఆవిరి పోవడానికి కిటికీ తెరిచి, మంచం మీద కూర్చుని అన్నం తిన్నాం.

"పోనీలెండి, ఇక వెతకొద్దు. మనకి రాసిపెట్టి లేదు" అంది అక్క. గొడవ పడే మనిషి అలా మెత్తగా అనేసరికి బావకి ఎక్కడో తగిలింది.

మర్నాడు ఒక సందులో, వంటిల్లు బయటికి కనిపించే చిన్న హోటలు ముందు ఆయనే ఆగాడు. వంటావిడ చొక్కా చేతులు పైకి మడిచి, తలకి గుడ్డ కట్టుకుని ఉంది. నేను ఫోను చూపించాను. చదివి తలూపింది. బావ నమ్మితేగా! తిన్నగా లోపలికి నడిచాడు, వెనకాలే నేను. ఆవిడ విసుక్కోలేదు. కొత్త బాణలి తీసి, సబ్బుతో తోమి, ఉతికిన గుడ్డతో తుడిచి, మూలనున్న పొయ్యి మీద పెట్టింది. అంతా బాగుంది. కానీ అటుపక్క ఒకాయన చేపముక్కల్ని మైదాలో దొర్లిస్తున్నాడు. అది చూడగానే బావ చెయ్యి అలవాటుగా చొక్కా జేబులోకి వెళ్లింది. ఊరెళ్లినా జేబులోంచి తియ్యని ఆ ఎర్ర కార్డు తీసి బాణలి పిడికి తగిలించేశాడు.

"బావా, ఇది లిఫ్టు కాదు!" అన్నాను. అప్పటికే వంటావిడ కార్డుని పరీక్షగా చూసి, సరేనన్నట్టు తలాడించింది.

వచ్చి కూర్చున్నాం. మా తర్వాత వచ్చినవాళ్లు తిని, చేతులు కడుక్కుని వెళ్లిపోతున్నారు. మా బల్ల మీద నీళ్లే ఉన్నాయి. అక్క మొహం వాడిపోయింది.

"కుదరదని చెప్పడానికి మొహమాటపడుతున్నట్టున్నారు. లేవండి, పోదాం."

నేను వెళ్లి తొంగిచూశాను. బియ్యం, కూరముక్కలు, చేప అన్నీ గిన్నెల్లో సిద్ధంగా ఉన్నాయి. పొయ్యి మాత్రం వెలగలేదు. వంటావిడ చేతులు కట్టుకుని బాణలికి కాపలా కాస్తోంది. ఫోను అందుకుని ఏదో చెప్పింది. తెలుగులో చూస్తే ఇలా ఉంది: "ముట్టుకోవద్దన్నారు కదా. ఆయనెప్పుడొచ్చి తీస్తారు?"

విషయం చెప్తే బావ నెత్తి కొట్టుకున్నాడు. "నా మతి మండా! తగిలించింది నేనే కదా, నేనే తియ్యాలిగా!" అంటూ పరుగెత్తాడు. కార్డు తీసి, వంటావిడ ఏప్రాన్ గుండీకి తగిలించాడు. "ఇక ఈ లిఫ్టు మీదేనమ్మా" అన్నాడు తెలుగులోనే. తర్జుమా అవసరం లేకుండానే ఆవిడకి అర్థమైంది. వంటిల్లంతా ఘొల్లున నవ్వింది. ఆ తర్వాత మైదా ఆయన అటువైపు ఒక్క అడుగు వేస్తే, ఆవిడ గరిటె ఎత్తింది. పాపం, ఆయన గోడ పట్టుకుని చుట్టూ తిరిగి పోయాడు.

మూడు కంచాలు వచ్చాయి. మూడింట్లోనూ అదే అన్నం, అవే కూరముక్కలు, అదే చేప. బావ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అక్క తన కంచం ముట్టలేదు, ఆయన మొహమే చూస్తోంది. బావ నెమ్మదిగా నమిలి, కనుబొమలు ముడిచాడు.

"ఉప్పు తక్కువైంది. చేప కూడా కాస్త ఎక్కువ వేగింది."

ఒళ్లు మండి బల్ల కింద ఆయన కాలు తొక్కబోయాను. అంతలో గుర్తొచ్చింది. ఒకప్పుడు ప్రతి కూరకీ వంకపెట్టిన ఈ మనిషి, జబ్బు చేశాక ఏ తిండినీ ఒక్క మాట అనలేదు. దొరికిందే మహాభాగ్యం అన్నట్టు కిక్కురుమనకుండా తినేవాడు. అక్క పకపకా నవ్వుతోంది, కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. ఉప్పుడబ్బా ఆయన ముందుకి జరిపింది.

"అయితే రేపు ఇంకో హోటలు చూద్దామండీ."

"చూద్దాంలే" అన్నాడు బావ నోటినిండా అన్నంతో. "ముందు నువ్వు తిను, చల్లారిపోతోంది."