వ్యాన్ టాప్‌కు ఫ్యాన్ పెట్టించిన మాట

ఆ వేసవిలో మా ఆయన, పూడిమడక నుంచి ఎండుచేపలు తోలిన తన పాత వ్యాన్‌ని ఇల్లులా మార్చే పనిలో పడ్డాడు. లోపల మంచం, గ్యాస్ పొయ్యి అమర్చాడు. గోడలకు ఫోమ్ అంటించి, కిటికీల స్థానంలో రేకులు బిగించాడు. ఇద్దరం అందులోనే పడుకుంటూ ఊళ్లు తిరుగుతామని అనకాపల్లిలో కనపడిన వాళ్లందరికీ చెప్పాడు.

నాకు చిన్నప్పటి నుంచీ ఆయాసం.

"బావా, టాప్‌కి కన్నం కోసి, గాలి బయటకి లాగే ఫ్యానొకటి ఎట్టవా? కింద గాలి వచ్చే దారి కూడా ఉండాల," అన్నాను.

"కన్నమెడితే వానకి కారిపోద్ది. నీకన్నిటికీ బయ్యమే. ఎక్కు, ఊపిరాడతాదో ఆడదో ఇప్పుడే తేల్సేద్దాం."

ఎక్కాక తలుపు వేసి బయట గడియ పెట్టాడు.

"టీ ఎట్టు. అయినాక తీత్తాను."

మిట్టమధ్యాహ్నం. పొయ్యి వెలిగించగానే చేపల వాసన గోడల్లోంచి మళ్లీ లేచింది. పాలు కాగకముందే ఛాతీ బిగుసుకుపోయింది. పొయ్యి ఆపేసి తలుపు బాదాను. బయట ఆడపడుచు నవ్వు వినిపించింది.

"నటిత్తంది, ఉండనీ," అన్నాడాయన.

అరుద్దామంటే గొంతులోంచి ఈల తప్ప ఏమీ రాలేదు. చివరికి తలుపు తీసినప్పుడు మట్టిలో బోర్లా పడ్డాను. ఆయన నన్ను దాటుకుని లోపలికెక్కి గిన్నెలోకి చూశాడు.

"టీ అవనేదేటి?"

తర్వాత కొన్నాళ్లకు కోటవురట్ల నుంచి ఆయన స్నేహితుడు వచ్చాడు. వ్యాన్‌లో కూర్చుని సిగరెట్ వెలిగించి, సగం కాల్చకుండానే దగ్గుతూ దిగిపోయాడు.

"ఏటి మామా, ఊపిరాడట్లేదు! ఫ్యానెట్టించు."

మర్నాడే మా ఆయన టాప్ కోయించాడు. బ్యాటరీతో తిరిగే ఫ్యాన్ బిగించి, వాన దిగకుండా చుట్టూ గమ్ము పట్టించాడు. తలుపు కింద జాలీ కూడా వేయించాడు. అందరినీ పిలిచి చూపించాడు.

"ఇదే కదా నేనూ సెప్పేను," అన్నాను.

"నీది రోగం. ఆడిది మాట," అన్నాడు, అందరి ముందూ.

బయల్దేరే రోజున నేను వ్యాన్ ఎక్కలేదు. ఆయన బతిమాలలేదు. ఆ స్నేహితుణ్ణి ఎక్కించుకుని అరకు వెళ్లాడు. తిరిగొచ్చి భోజనానికి కూర్చుని, వాన పడినా లోపల చుక్క దిగలేదనీ, కంటినిండా నిద్రపట్టిందనీ చెప్పాడు.

"ఈపాలి నువ్వూ వద్దువుగాని."

"నేను రాను," అన్నాను.

ఎందుకని అడగలేదు. చారు పొయ్యమన్నాడు.